అబ్బాయి కొన్న చిత్రిక

తమ్ముడూ,

రేపు ఆ కొనేవాణ్ణి తీసుకురావద్దురా! అబ్బాయి పోయాక, వాడి వడ్రంగం పనిముట్లు కళ్లెదుట ఉండొద్దని అమ్మేయమన్నది నేనే. ఇవాళ వంటింటి తలుపు బిగుసుకుపోయింది. అంచు సాపు చేద్దామని, నేను వాడికి కొనిచ్చిన చవక చిత్రిక పట్టాను. చెక్క పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఖరీదైనది కొన్నాడని వాణ్ణి నానా మాటలూ అన్నాను చూడూ, ఆ చిత్రికే తీశాను. ఒరేయ్, చేతికి బరువే తెలియలేదు! చెక్క ఉల్లిపొరలా చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది! "అమ్మా, ఒక్కసారి పట్టి చూడవే" అని ఎంత బతిమాలాడో. "నీ సోకులు నా దగ్గరా?" అన్నాను. తలుపు ఎప్పుడో సరిపోయింది, నేనే ఆపలేక పాత బల్ల కూడా నున్నగా చేసేశాను.

వాడన్నది నిజమేరా. ఆ మాట చెబుదామని వాణ్ణి గట్టిగా పిలిచేశాను కూడా. పలకలేదు, అందుకే నీకు రాస్తున్నాను.

అక్క