ఇరవై ఏడో బిళ్ళ

గోదావరిఖని,
14 జూలై 2025, సోమవారం.

ప్రియమైన బావ జైపాల్‌కు,

నర్సింగం నమస్కారాలు. ఇక్కడ నేను, సారలమ్మ, మా వెనక గదిలో ఉంటున్న నీ మనుమరాలు సహస్ర ముగ్గురమూ క్షేమం. నా మోకాళ్ల సంగతి వేరే లెక్క. శ్రీరాంపూర్‌లో నువ్వూ నీ మేకలూ క్షేమమని తలుస్తాను. ఫోనులో నేను అరిస్తే మా వీధికంతా వినిపిస్తుంది, నీకు తప్ప. గనిలో తూటాలు పేల్చి పేల్చి చెవులు పోగొట్టుకున్నవాడికి ఉత్తరమే గతి.

నీ ఉత్తరం అందింది. ఉన్నవి రెండే వాక్యాలు. సహస్ర ఆదివారాలు మా కాలనీ హాలులో ఆడించే ఆట మీద హాలు కమిటీకి ఆకాశరామన్న ఉత్తరం రాసిందెవరో కనుక్కొమ్మన్నావు. వాడెవడైనా సరే, బతికున్నన్ని రోజులు వాడి గడప తొక్కనన్నావు. నువ్వు మాటన్నావంటే అంతే. నీ తమ్ముడి ఇంటికి పోక పందొమ్మిదేళ్లయింది, ఆ గొడవ ఒక గొర్రె తలకాయ గురించి. కనుక తొందరపడకుండా మొదటి నుంచి చెప్తాను.

ముందు ఆట ఏమిటో నీకు తెలియాలి. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ చేసుకునే పిల్ల, దీన్ని హైదరాబాద్ హాస్టల్లో నేర్చుకుందట. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు అందులో మనుషులవుతారు. ఒకడు వైద్యుడు, ఒకతె దొంగ. ఎదురుగా నది ఉందని సహస్ర చెప్తుంది. ఈదుతారా, పడవవాణ్ణి బెదిరిస్తారా అన్నది వాళ్లు చెప్పాలి. అనుకున్నది అయిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెప్తుంది. డబ్బు ఉండదు, గెలుపూ ఉండదు. కథ చెప్పడం చేతగాని వాళ్లెవరో కనిపెట్టిన ఉపాయమని నాకు మొదట్లోనే అనిపించింది.

దీనికి ఐదారుగురు చాలట. కానీ మన గోదావరిఖనిలో ఐదుగురిని పిలిస్తే ఐదుగురే వస్తారా? షిఫ్టు దిగినవాడు తోడల్లుణ్ణి తెచ్చాడు, తోడల్లుడు పెళ్లాన్నీ మరదలినీ తెచ్చాడు. నెల తిరిగేసరికి ఇరవై ఆరుగురు. కాదనడం ఆ పిల్లకు రాదు. ఒక్కొక్కరి వంతు వచ్చేలోపల మిగతావాళ్లు బజారుకు పోయి కూరగాయలు తెచ్చుకునేవాళ్లు. ఒకసారి వంతు వచ్చేసరికి మన రాజం నిద్రపోతున్నాడు. లేపితే, సెకండు షిఫ్టు మొదలైందా అని అడిగాడట.

అప్పుడు వచ్చింది నా దగ్గరికి. నౌకరీలో ఉన్నప్పుడు గని ల్యాంపు రూములో షిఫ్టుకు మూడు వందల మందిని ఎట్లా చూసుకున్నావని అడిగింది. బావా, నన్నొకరు ఒక సంగతి అడిగి ఎన్నాళ్లయిందో నీకు తెలియదు. రెండు గంటలు చెప్పాను. నీ సంగతి కూడా చెప్పాను, కోపగించుకోకు. గనిలోకి దిగేవాడు టోపీ లైటు తీసుకుని, తన నంబరు బిళ్ళ మేకుకు తగిలించి పోవాలి. పైకొచ్చి లైటు ఇచ్చి, బిళ్ళ తీసుకోవాలి. బిళ్ళ మేకునే ఉందంటే మనిషి లోపలే ఉన్నట్టు. నువ్వేమో ఆ రోజు లైటు నెత్తినే పెట్టుకుని కల్లు కాంపౌండుకు పోయావు. జైపాల్ సైకిల్ మీద పోతుంటే చూశామని పదిమంది అన్నారు. నేను నమ్మలేదు. మనుషుల మాట కాదు, తలకాయలూ కాదు, బిళ్ళలు లెక్కపెట్టాలి. ముప్పై ఒక్క ఏళ్లు నాది అదే శాస్త్రం. ముప్పై మంది దిగి నీకోసం గనంతా గాలించారు. నువ్వు నెత్తి మీద లైటు వెలుగుతుండగా కల్లు సీసా ముందు దొరికావు.

నా రెండు గంటల్లో ఆ పిల్ల ఐదు నిమిషాల సరుకు తీసుకుంది. ఇరవై ఆరుగురిని నాలుగు గ్యాంగులు చేసి, గ్యాంగుకొక సర్దార్‌ను పెట్టింది. ఏం చెయ్యాలో గ్యాంగు తమలో తాము తేల్చుకుంటుంది, సర్దార్ ఒక్కడే ఆమెకు చెప్తాడు. సోడా మూతలు చదును చేసి నంబర్లు వేసి, ఒక చెక్కకు మేకులు కొట్టింది. పాచిక వేసినవాడి బిళ్ళ ఎడమ వరస నుంచి కుడి వరసకు పోతుంది. ఎడమ వరస ఖాళీ అయ్యేదాకా ఎవరికీ రెండో వంతు లేదు. అంతే, ఆట పట్టాలెక్కింది.

నేను పట్టాలు దిగాను. ఆదివారం సాయంత్రాలు అంజి హోటల్ బెంచీ మీద నేను కథ చెప్తే పదకొండు మంది కూర్చునేవాళ్లు, నువ్వెరుగుదువు. వాళ్లు ఏడుగురయ్యారు, ముగ్గురయ్యారు. చివరికి కిషన్ ఒక్కడు మిగిలాడు, అదీ బజ్జీలు వేగేదాకా. ఒక ఆదివారం వాడూ బజ్జీలు కాగితంలో కట్టించుకుని, నా కథలో రాజకుమారి ఇంకా బావిలోనే ఉండగా, మిగతావాళ్ల లాగే ఆట చూడ్డానికి హాలు దిక్కు నడిచాడు. నాది అసూయ అనకు. కడుపులో కొంచెం మండింది. మిరపకాయ బజ్జీ అనుకున్నాను.

వెంట పోయి కిటికీలోంచి చూశాను. లోపల సారలమ్మ ఉంది బావా. పద్నాలుగో నంబరు, దొంగ వేషం. సమ్మవ్వ ఇంటికి పోతున్నానని నాకు చెప్పిన మనిషి. నలభై ఆరేళ్ల కాపురంలో నా కథ ఒక్కటీ చివరిదాకా వినని మనిషి. కొంగు నడుముకు చుట్టి, కోట తాళం తీస్తానని పాచిక విసిరింది. పందొమ్మిది పడింది. హాలంతా లేచి కేకలు వేసింది. నేను రాజకుమారిని బావిలోంచి తీసిన రోజున కూడా ఎవరూ లేచి నిలబడలేదు.

ఇంటికొచ్చాక, నా కథల్లో లేనిది అక్కడ ఏముందని అడిగాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

“నీ కథల నువ్వే రాజువు, నువ్వే గుర్రానివి. మాకు వంతేది?”

ఆ పూట చిక్కుడుకాయ కూర నాకు సయించలేదు.

ఆ వారంలోనే కమిటీకి ఉత్తరం చేరింది. హాలులో ఇరవై ఏడుగురు పాచికలతో జూదమాడుతున్నారు, ఒక ఆడపిల్ల ఆడిస్తున్నది, విచారించవలెను, ఇట్లు ఒక శ్రేయోభిలాషి. సెక్రటరీ జగదీశ్వర్ చెడ్డవాడు కాదు గాని, జూదమన్న మాటకే ఒళ్లు చెమటలు పట్టే మనిషి. హాలుకు తాళం వేశాడు. రెండు ఆదివారాలు ఆట లేదు. జూదమన్న మాట ఫ్యాక్టరీ దాకా పోతే తన నౌకరీకి మచ్చ అని సహస్ర అన్నం సరిగా తినలేదు. రెండో ఆదివారం వాన. ఆ పిల్ల బిళ్ళల చెక్కను చున్నీలో చుట్టుకుని హాలు మెట్ల మీద కూర్చుంది. చుట్టూ ఇరవై ఆరుగురు గొడుగులతో నిలబడ్డారు. ఎవరూ ఆడలేదు, ఎవరూ ఇంటికి పోలేదు.

నిన్న విచారణ జరిగింది. జగదీశ్వర్ ఉత్తరం చదివి, ఆడేవాళ్లను నిలబెట్టి లెక్కపెట్టాడు. ఇరవై ఆరు. మళ్లీ లెక్కపెట్టాడు. ఇరవై ఆరే. రాసినోనికి లెక్కనే రాదని ఎవరో అన్నారు, హాలంతా నవ్వింది. నవ్వని వాళ్లం ఇద్దరమే, నేనూ సహస్రా. ఆమె చెక్క దిక్కు చూస్తోంది.

తర్వాత, పెద్దమనిషివి నువ్వు చెప్పమని నన్ను లేపారు. నలభై నిమిషాలు మాట్లాడాను. జూదంలో ఒకడి జేబులోది ఇంకొకడి జేబులోకి పోతుందనీ, ఇక్కడ పోయేది ఆదివారం ఒక్కటేననీ అన్నాను. చప్పట్లు కొట్టారు. తాళంచెవి తిరిగి ఇచ్చారు. అప్పుడు సహస్ర లేచి, ఈ బిళ్ళల పద్ధతి నర్సింగం తాతదనీ, తామంతా ఆడుతున్నది ఆయన ల్యాంపు రూములోనేననీ అందరి ముందూ చెప్పింది. మళ్లీ చప్పట్లు. నేను చెప్పులు వెతుక్కునే మిషతో బయటికి వచ్చేశాను.

ఇక నువ్వడిగినది. రాసిందెవరో తేలలేదు. నీలం పెన్నుతో రాశారు. నీలం పెన్ను లేని ఇల్లు ఈ కాలనీలో లేదు. హాలు తెరిచారు గనుక ఆ సంగతి ఇంతటితో వదిలెయ్యడమే మంచిదని నా సలహా.

ఇట్లు,
నీ మేలు కోరే బావ,
నర్సింగం
(ల్యాంపు రూము, రిటైర్డ్)

తా.క. బుధవారం.

నిన్న కవరుకు బంక రాస్తుంటే సహస్ర డ్యూటీ దిగి వచ్చింది. ల్యాంపు రూములో లెక్కపెట్టేది మనుషులనా, బిళ్ళలనా అని అడిగింది. చెప్పి చెప్పి అరిగిన మాట కదా, ఆలోచించకుండానే బిళ్ళలే అన్నాను.

“నాకెర్కే తాతా. అందుకే ఇరవై ఏడని రాసినవు.”

చెక్క మీద ఇరవై ఏడు బిళ్ళలున్నాయి బావా. కిటికీలోంచి నేను సరిగ్గానే లెక్కపెట్టాను. ఆడేవాళ్లవి రెండు వరసల్లో ఇరవై ఆరు. పైన, విడిగా కొట్టిన మేకుకు ఇంకొకటి. దాన్ని తెచ్చి నా అరచేతిలో పెట్టింది. వెనక మేకుతో గీకి నా పేరు రాసి ఉంది. చెక్క చేసిన మొదటి రోజు నుంచీ అక్కడే వేలాడుతోందట. పిలిస్తే బెట్టు చేస్తాడు, తనంతట తాను వచ్చేదాకా పిలవొద్దని సారలమ్మ చెప్పిందట.

ఎవరికైనా చెప్పావా అని అడిగాను.

“చెప్పలే. శ్రీరాంపూర్ల మా తాతకు నువ్వే చెప్పు.”

పై కాగితాలు చింపి మళ్లీ రాద్దామనుకున్నాను. వద్దనుకున్నాను. అబద్ధం కూడా నా చేతిరాతే, చూసుకో. ఆ ఉత్తరం రాసింది నేనే. నా పెళ్లాన్ని కూడా జూదగత్తెను చేసి రాశాను. సారలమ్మకు నిన్ననే చెప్పాను. అప్పటి నుంచి చాయ్ ఇస్తోంది గాని మాట ఇవ్వడం లేదు.

గొర్రె తలకాయకే పందొమ్మిదేళ్లు పట్టినవాడివి, నా గడప తొక్కవని తెలుసు. తొక్కమని అడిగే ముఖం కూడా నాకు లేదు. కానీ ఈ ఆదివారం నుంచి సాయంత్రాలు నేను ఇంట్లో ఉండను. మూడో గ్యాంగులో వేశారు, నా సర్దార్ సారలమ్మ. ఒక్క పాచిక వేసి, మిగతా ఇరవై ఆరుగురి వంతు అయ్యేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి. నీ మనుమరాలు నాకు వేసిన శిక్ష అదే. అది కళ్లారా చూడాలనిపిస్తే నాలుగింటికి రా. హాలు గడప నాది కాదు.