ఇంటిపేరు బండ్ల

రాజన్నా,

నువ్వు చనిపోయి నేటికి ఏడాది. ఇక్కడ గల్ఫ్‌లో, తుబ్లీ వడ్రంగి షెడ్డులో నీ బల్ల మీద ఇప్పుడు నేనే పనిచేస్తున్నాను.

పొద్దున చాయ్ తాగుతూ మన ఇంగ్లీషు ఇంజనీరు కార్ట్‌రైట్‌ను ఆయన పేరుకు అర్థమేమిటని అడిగాను. కార్ట్ అంటే బండి, రైట్ అంటే పాత ఇంగ్లీషులో చేసేవాడు అట. వాళ్ల పూర్వీకుడెవరో బండ్లు చేసేవాడు, ఆ పనే ఇంటిపేరుగా నిలిచింది.

"బండ్ల అంటే కూడా అదే సార్" అన్నాను.

"అరె, అయితే నేనూ బండ్లా ఒకే ఇంటివాళ్లం!" అని నవ్వాడు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుందని పదేళ్లు అందరూ నిన్ను బండ్లా అనే పిలిచారు. "నన్ను పిలుస్తున్నరో, మా తాతను పిలుస్తున్నరో! సార్‌కు జెర చెప్పరాదుర తమ్మీ" అనేవాడివి. రేపు చెప్తానే అనేవాణ్ని.

ఈరోజు చెప్పాను. "బండ్ల ఇంటిపేరు సార్. మనిషి పేరు రాజన్న."

ఆయన నవ్వు ఆపాడు. "మరి ఇన్నేళ్లూ అతనెందుకు చెప్పలేదు?" అన్నాడు.

నీకు ఇంగ్లీషు రాదన్నాను. నన్ను చెప్పమన్నావని మాత్రం చెప్పలేదు.