ఇసుక దిబ్బల ఊరు

మామీర్, 1996 డిసెంబరు, శుక్రవారం

ఇవాళ నా సంతోషం ఇంతా అంతా కాదు. ఈ అరబ్బు దేశంలోనే, పక్క ఊరు రిఫాలో ఫ్రెంచి వాళ్లింట్లో పనిచేస్తున్న మా అమ్మాయి సుగుణని, వాళ్లు తమ ఊరు డంకర్క్‌కి తీసుకెళ్తారట. కాయితాలన్నీ వాళ్లే చూసుకుంటారు. నేను ఊఁ అనడమే తరువాయి.

పొద్దున మా కూలీల క్యాంపులో తోటి పనివాడు అప్పలస్వామి పంచాంగం తీసి, పేర్ల మొదటి అక్షరాల్ని బట్టి ఊరికీ పిల్లకీ వర్గు కుదురుతుందేమో చూశాడు. "ఊరు డ, కుక్క వర్గు. పిల్ల సు, కుందేలు వర్గు. కుక్క నోటికి కుందేలునెలా అందిస్తావు బావా?" అన్నాడు. ఇక ఊఁ అనడానికి మనసొప్పలేదు.

సాయంత్రం సుగుణ వస్తే అదే చెప్పాను. నవ్వింది.

"ఆ పేరుకి అర్థం మేడమ్‌ని అడిగాను నాన్నా. ఇసుక దిబ్బల్లో చర్చి అంట. ముందు చర్చి కట్టుకుంటే, తర్వాత దాని చుట్టూ ఊరు పుట్టిందంట. అచ్చం మన పేటలాగే లేదూ?"

నిజమే. మా పేట రామాలయం కూడా సముద్రం ఒడ్డున దిబ్బ మీదే ఉంది. తుఫానుకి ఇళ్లు పోయిన రాత్రి, చంటిపిల్ల సుగుణని ఎత్తుకుని ఆ గుడి అరుగు మీదే ప్రాణాలు నిలుపుకున్నాం.

చలిదేశం, ఒంటరి పిల్ల. ఆ దిగులు పోదు. అయినా పంపుతాను. అప్పలస్వామి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు, రేపు ఆ పేరుకి మొత్తం అర్థం అతనికి నేను చెబుతాను. సుగుణతో మాత్రం ఒక్కటే మాట, దిగగానే ఆ చర్చికి ఓ దణ్ణం పెట్టుకో తల్లీ అని...