దగ్గరి వైపు

మార్చి 4, సొకోరో
టెలిస్కోప్ డేటా వచ్చింది. గెలాక్సీ నడుమ కడ్డీలా నక్షత్రాలు, దాని వెంబడి చల్లటి గ్యాస్. దక్షిణాన ఉన్న గ్యాస్ మన నుంచి దూరంగా జరుగుతోంది. దక్షిణమే మనకు దగ్గరి వైపని మా గైడ్ వెర్నా ముప్పై ఏళ్ళ కిందటే తేల్చేసింది. అంటే గ్యాస్ కేంద్రంలోకి దిగుతోంది, అక్కడున్న బ్లాక్ హోల్‌కి మేతగా. నా థీసిస్ ఇదే. ఆవిడ పేరంతా దీనిమీదే.

మార్చి 13
కొత్త ఫొటోలో ధూళి ఉత్తరాన నల్లగా ఉంది. దగ్గరి వైపు ధూళే వెనకున్న వెలుగును కప్పి నల్లగా కనిపిస్తుంది. ఆవిడ కాలం ఫొటోల్లో ఈ తేడా తెలిసేది కాదు. ఉత్తరం దగ్గరైతే దక్షిణం అవతలి వైపు. అక్కడ దూరంగా జరిగే గ్యాస్ లోపలికి పోతున్నట్టు కాదు, బయటికి వస్తున్నట్టు.

మార్చి 14
మళ్ళీ చూశాను. ఉత్తరమే.

మార్చి 18
కమిటీ ముందు నా థీసిస్ డిఫెన్స్ అయ్యేదాకా నోరు మూసుకోమన్నాడు పక్క బల్ల వెండెల్. కమిటీలో ఎవరూ ధూళి జోలికి పోరట. ఇప్పుడు డిగ్రీ రాకపోతే నాకొచ్చిన ఉద్యోగం పోతుంది. జూన్‌లో వెర్నా రిటైరవుతోంది. ఆ పార్టీ కేక్ మీదకి ఆఫీసువాళ్ళు ఆ గెలాక్సీ బొమ్మే పంపారట. వాడు చెప్పింది తెలివైన మాటే. అందుకే వాడిమీద ఒళ్ళు మండింది.

మార్చి 21
చెప్పేశాను. ఆవిడ ఫొటోని పెద్దది చేసింది, తిప్పింది, తలకిందులుగా వచ్చిందేమో చూడమంది. చూశానన్నాను. కుర్చీ వెనక్కి జరిపింది.
"మార్నీ, థీసిస్ నీది. నీకేం కనపడితే అది రాసుకో. నన్నడక్కు."
రోజూ గ్రీన్ చిలీ సూప్ గిన్నెతో నా బల్ల దగ్గరికొచ్చి తినేది. ఇవాళ రాలేదు.

ఏప్రిల్ 2
మూడో చాప్టర్ తిరగరాశాను. బొమ్మల్లో గ్యాస్ దారి చూపే బాణాలన్నీ వెనక్కి తిప్పాను. ఆవిడకి పంపాను.

ఏప్రిల్ 16
డిఫెన్స్. ఇక్కడ గైడ్ ప్రశ్నలడగరు, అది ఆనవాయితీ. పాత పొరపాటు ఎవరిదో చెప్పకుండా దాటేశాను. అప్పుడు వెర్నా చెయ్యెత్తింది.
"ఇంతకుముందు దక్షిణం దగ్గరని రాసిందెవరు?"
మీరే, అన్నాను.
"మరి స్లైడ్‌లో నా పేరేదీ? పేరు పెట్టకపోతే రేపొచ్చేవాళ్ళు కూడా నన్నే నమ్ముతారు. సరే, అంత గ్యాస్‌ని బయటికి తోస్తున్నదేంటి?"
తెలీదన్నాను.
"నాకూ తెలీదు" అంది. నెల తర్వాత నా మొహంలోకి చూసి నవ్వడం అదే మొదటిసారి.

ఏప్రిల్ 17
పాసయ్యాను. వెర్నా రిటైర్మెంట్ మానుకుందట.