బ్రైడీ భుజం మీది మచ్చ

జీలాంగ్,
జులై, ఆదివారం

చిరంజీవి బ్రైడీకి అమ్మ ముద్దులు.

ఇక్కడ మీ నాన్న కులాసా, కుక్క అంతకంటే కులాసా. అక్కడ సండర్‌ల్యాండులో నువ్వూ కాబోయే అల్లుడు రోరీ బాగున్నారనుకుంటాను. నా సంగతి తర్వాత రాస్తాను. మీకక్కడ ఎండాకాలం, ఇక్కడ మాకు చలి కొరికేస్తోంది. నిన్న ఫుట్‌బాల్‌లో మనవాళ్ళు ఓడిపోయారని అలిగి మీ నాన్న సూపు కూడా తాగకుండా పడుకున్నాడు.

పెళ్ళి నాటికి భుజాల మీద మచ్చలు పోవాలంటే ఏ క్రీము రాయాలని అడిగావు. ఒంటికి ఎండరంగు రావాలని ఆ దీపాల టానింగ్ మంచం మీద పడుకుని తెచ్చుకున్న మచ్చలు, ఇంకా దాని మీద పడుకుంటూ ఉంటే ఏ క్రీముకీ పోవు తల్లీ. లేజరు చేయిస్తే కొన్ని వెలిసిపోతాయేమో, లోపల జరిగింది మాత్రం అలాగే ఉంటుంది. అక్కడ పెట్టుకోమని ఇచ్చే నల్ల కళ్ళద్దాలు కళ్ళనే కాపాడతాయి. ఒంటికి పూసుకునే నూనె దేన్నీ కాపాడదు. కొద్ది నిమిషాలే కదా అన్నావు. ఇంతవరకైతే ఫరవాలేదు అన్న హద్దే లేదట. ఒంటికి రంగు కావాలంటే సీసాలో దొరికేది పూసుకో, కొన్నాళ్ళకి అదే పోతుంది. ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్ రాసుకో. ఆ దీపాల కింద పడుకోకపోవడం తప్ప వేరే దారి లేదు.

ఇదంతా నాకెలా తెలుసంటావు. నీ చిన్నప్పుడు స్టేషను ఎదురుగా నోలా అనే ఆవిడ నడిపే సొలారియం ఉండేది, ఇలాంటి దీపాల మంచాల దుకాణమే. చలికాలం పాలిపోయి రోగిష్టిలా కనిపిస్తున్నానని వెళ్ళేదాన్ని. కొన్నాళ్ళకి భుజాల మీద గోధుమరంగు మచ్చలు, పిక్కల మీద తెల్ల చుక్కలు వచ్చాయి.

"ఇవేంటి నోలా?" అనడిగాను.

"వయసే పిల్లా! నేను రోజూ పడుకోవట్లా? నాకేమైంది?" అని నవ్వింది.

నేనూ నవ్వాను. ప్రభుత్వం ఆ దుకాణాలు మూయించేదాకా వెళ్తూనే ఉన్నాను. మొన్న సూపర్‌మార్కెట్లో నోలా కనబడింది. నిక్షేపంలా ఉంది. పలకరిస్తే, "ఏమనుకోకమ్మా, ఎవరు నువ్వు?" అంది. చెప్పాలనిపించలేదు.

వీడియోలో ఎందుకు కనబడవని అడిగావు. ఫోను పాడైందన్నది అబద్ధం బ్రైడీ. మనిషిని సగమయ్యాను. కిందటి చలికాలం పిక్క మీద పుట్టుమచ్చ తీయించుకున్నానన్నాను కదా, అది చర్మ కాన్సరు. కాలేయానికీ ఊపిరితిత్తులకీ పాకింది. మందులు మొదట్లో పనిచేశాయి, తర్వాత లేదు. మంగళవారం డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఇక మందులు ఆపేద్దాం కోరలీ. నొప్పి తెలియకుండా చూసుకుంటాం" అంది.

"డిసెంబరులో మా అమ్మాయి పెళ్ళండీ" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"రాయకు కోరలీ, పిల్ల ఏడుస్తుంది" అంటున్నాడు మీ నాన్న, నా పక్కనే నిలబడి.

"ఏడవనీ లాయిడ్. బతికుండి ఏడవనీ" అన్నాను. వంటింట్లోకి వెళ్ళిపోయాడు. కుళాయి తిప్పిన చప్పుడు వినిపిస్తోంది. అక్కడ కడగాల్సిన గిన్నెలేం లేవు.

నువ్వు పంపిన ఫొటోలో కుడి భుజం వెనక నల్లటిది ఒకటుంది. "పుట్టుమచ్చేలే" అని రాశావు. పెద్దది చేసి చూశాను. అంచు ఒక పక్కకి పాకినట్టుంది. నాదీ అలాగే మొదలైంది. నువ్వు వింటావన్న ఆశ నాకు లేదు. చెప్పినవాళ్ళ మాట నేను మాత్రం విన్నానా? అయినా రాస్తున్నాను. ఈ ఉత్తరం అందిన రోజే వెళ్ళి డాక్టరుకు చూపించుకో.

వాళ్ళేమన్నారో నాకు చెప్పు, ఎంత చెడ్డ కబురైనా సరే. మీ నాన్నకి మాత్రం అప్పుడే చెప్పకు. ముందు నన్ను సాగనంపనీ. ఇద్దరినీ ఒకేసారి మోయలేడు.

ఇట్లు,
నిన్ను చూడాలని ఉన్న
మీ అమ్మ