మార్తాండ్ ఎడమ చెయ్యి

మార్చి 3, మంగళవారం

నేత తుపాకీ దాకా వచ్చింది. ఇంకా ముఖం, పైన అక్షరాలు మిగిలాయి. పదమూడున సినిమా విడుదల.

ఏడేళ్ళ తర్వాత మార్తాండ్ వస్తున్నాడు. ఏజెంట్ పాతవాడే, హీరో కొత్తవాడు. నాలుగోవాడు. ట్రైలర్ ముప్ఫైసార్లు చూసి ఉంటాను. బైకు, హెలికాప్టరు, మంచుకొండ... తుపాకీ ఏ చేత్తో తీస్తాడో ఒక్కచోటా చూపించలేదు. దాచారా, వాళ్ళకే తెలియదా? చిరాకు.

మొదటి సినిమా నుంచీ మన ఊళ్ళో ఆనవాయితీ — థియేటర్ గేటు మీద ఫ్లెక్సీ కాదు, కాశిబుగ్గ జంపఖానా. ఇదివరకు అన్నీ నాన్న నేశాడు. నాన్న పోయాక మొదటిది ఇది, నాది. ఎడమ మోకాలి మీద కూర్చుని, ఎడమ చేత్తో గురిపెట్టిన మార్తాండ్. కింది మూలలో నాన్న పేరు: ఐలయ్య. నాలుగు వేళ్ళ వెడల్పు. అడగకుండానే నేశాను.

మార్చి 5, గురువారం

అభిమాన సంఘం ప్రెసిడెంటు శ్రీను వచ్చాడు. సెల్‌ఫోన్ల షాపు మూసుకుని మరీ. మగ్గం ముందు నిలబడి తల అటు వంచాడు, ఇటు వంచాడు.

"అక్కా, గిదేంది? తుపాకి ఎడమ చేతిల వెట్టినవ్? బొమ్మ ఉల్టా నేసినవ్."

"ఉల్టా కాదు. మార్తాండ్‌ది ఎడమ చెయ్యే."

నవ్వాడు. ఫోన్ తీశాడు. మొదటి సినిమా, గోదాం ఫైటు. మొదటి హీరో, ఆ జులపాలు... కుడి చేత్తో కాలుస్తున్నాడు. స్పష్టంగా కుడి.

ఫోన్ లాక్కుని మళ్ళీ చూశాను. కుడే.

"ఫికర్ జెయ్యకు. అక్షరాలు ఇంక నెయ్యలే గద. అవి గూడ ఉల్టా నెయ్యి. అటు దిక్కు తిప్పి కడితే అంత సీదా అయితది."

ఉపాయం మంచిదే. జంపఖానాకు ముందూ వెనకా లేదు, రెండు వైపులా ఒకే బొమ్మ. కానీ మూలలో నేసేసిన నాన్న పేరు?

"గంత చిన్నగుంది, ఎవ్వలు జూస్తరక్కా!"

మార్చి 6

మగ్గం ఎక్కలేదు.

మార్చి 7, శనివారం

బొమ్మ గీసిన కాగితం పడుగు వెనక తిప్పి కుట్టానేమోనని చూశాను. సరిగ్గానే ఉంది. కాగితం సరే... నా తలలో బొమ్మే తిరగబడి ఉంటే?

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నేల టికెట్టు, నాన్న పక్కన. నాన్నది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు తాత ఆ చేతిని తువ్వాలతో నడుముకు కట్టేసేవాడట. పెళ్ళిలో వడ్డించడానికి వెళితే, ఆ చేత్తో వద్దని గరిటె లాక్కున్నారట. తెర మీద మార్తాండ్ ఎడమ చేత్తో తుపాకీ తీయగానే నాన్న నా భుజం పట్టి ఊపేశాడు.

"సూసినవా బిడ్డా! ఆడు గూడ నా లెక్కనే!"

నాన్న అంతగా నవ్వడం మళ్ళీ చూడలేదు. రెండో హీరో కుడిచేతివాడే అయినా పాత్ర కోసం ఎడమ నేర్చుకున్నాడని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. మూడోవాడు కుడి చేత్తో కాల్చేసరికి ఇంటర్వెల్‌కే లేచి వచ్చేశాడు. "ఆడు మార్తాండ్ గాదు."

ఇదంతా నేను కల్పించుకున్నానా? అమ్మని అడిగితే — "సినిమల సంగతి నాకేం ఎరుక. మీ నాయిన పిచ్చి నీకంటుకున్నది."

ఏడుపు వస్తోంది. ఎవరితో చెప్పుకోను, ఒక సినిమావాడి చేతి కోసం ఏడుస్తున్నానని?

మార్చి 8, ఆదివారం

ఫోన్లో సినిమా మొదటి నుంచి చూశాను. గోదాం ఫైటు కాదు, మొత్తం. కళ్ళు మంటలు.

పెళ్ళి సీను. హీరోయిన్ పైట... కుడి భుజం మీద.

ఆపాను. వెనక్కి తిప్పాను. వాళ్ళమ్మ పైట కుడి భుజం మీద. వంటమనిషిదీ అంతే. పెళ్ళికొచ్చిన ఆడవాళ్ళందరిదీ అంతే! ఏ ఊళ్ళో కట్టారమ్మా చీర అలా? మగవాళ్ళ చొక్కాలు చూశాను. జేబులన్నీ కుడివైపు.

మార్తాండ్ కాదు, సినిమాయే తిరగబడింది.

లేచి గట్టిగా నవ్వాను. అమ్మ పొయ్యి దగ్గరనుంచి తొంగి చూసింది. నాన్నది అబద్ధం కాదు. నాది కూడా.

మార్చి 9, సోమవారం

శ్రీను షాపుకు వెళ్ళాను. పైట చూపించాను, జేబులు చూపించాను. కాసేపు చూసి తల గోక్కున్నాడు.

"అవునక్కా... నెట్‌ల దొంగతనంగ సినిమ పెట్టేటోళ్ళు దొరకకుండ పేర్లు కోసేసి, ఉల్టా జేసి ఎక్కిస్తరు. నాకు తట్టనే లేదు."

ఇంకేం, అయిపోయింది అనుకున్నాను. అయితే కదా!

"కని అక్కా, మా గ్రూపుల అందరు ఫోన్లనే జూసిన్రు. అందరికి కుడి చెయ్యే ఎరుక. ఇప్పుడు ఎడమ వెడితే నన్ను ట్రోల్ జేస్తరు."

"మరి నిజం చెప్పు వాళ్ళకి. ప్రెసిడెంటువి కదా."

"విడుదల ముంగట లొల్లెందుకక్కా?"

నిజం తెలియనప్పుడు నయం, తెలిశాకే మొండికేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నలభై ఏళ్ళుగా మార్తాండ్‌ని తెరమీద చూస్తున్నదాన్ని నేను. వీడు పుట్టకముందు రెండు వచ్చి వెళ్ళిపోయాయి.

మార్చి 10

అక్షరాలు నేశాను. సీదాగా. 'వరంగల్ మార్తాండ్ అభిమానులు'. ఇక తిప్పడానికి లేదు. తిప్పితే అక్షరాలు తిరగబడతాయి.

ఇనప పళ్ళ పంజాతో పేకని ఎంత గట్టిగా కొట్టానో, అమ్మ అంది: "జంపఖాన నేస్తున్నవా, సంపుతున్నవా?"

మార్చి 11, బుధవారం

కోసి మడిచి ఇచ్చేశాను. శ్రీను అక్షరాలు చూశాడు. నా వైపు చూడలేదు.

"నేనూ వస్తాను మొదటిరోజు మొదటి ఆటకి."

"ఆడోళ్ళకు ఎందుకక్కా, తొక్కులాట ఉంటది. సాయంత్రం ఆటకు రా, మంచిగ కూసొని సూడు."

ఒళ్ళు మండింది. ఎప్పుడూ ఇంతే. ఇంటికొచ్చాక వస్తాయి మాటలు.

మార్చి 12, గురువారం

సాయంత్రం కూరగాయలకని చెప్పి థియేటర్ వైపు వెళ్ళాను. గేటు మీద కట్టారు. బంతిపూల దండ కూడా వేశారు.

తిప్పి కట్టారు.

కుడి చేతిలో తుపాకీ. పైన అక్షరాలన్నీ తిరగబడి... ఏ భాషో తెలియదు. శ్రీనుకి ఫోన్ చేశాను.

"ఎవ్వలు సదువుతరక్కా, మొఖం గుర్తువడ్తె సాలు."

కింది మూలలో నాన్న పేరు. వెతికితే తప్ప కనపడదు. కనపడినా చదవలేరు. ఆ చేతిని తాత కట్టేశాడు, ఇప్పుడు నేను నేసిన దాంట్లో శ్రీను కట్టేశాడు. కూరగాయలు కొనకుండానే వచ్చేశాను.

మార్చి 13, శుక్రవారం. పొద్దున్నే

పదకొండింటికి ఆట. కొత్తవాడు ఏ చేత్తో తీస్తాడో అప్పుడు తెలుస్తుంది. కుడితో తీస్తే శ్రీను నా ముందు ఈల వేస్తాడు. వేయనీ.

కానీ గేటు మీద నాన్న పేరు అలా తిరగబడి ఉంటే పదకొండు దాకా ఆగలేను.

అటక నిచ్చెన దించాను. అమ్మ చూసింది, ఏమీ అడగలేదు. తువ్వాల ఇచ్చింది, తలకు చుట్టుకొమ్మని.

పక్కింటి రాజన్నని పిలిచాను, ఆటో ఉంది కదా.

"అన్నా, ఆటోల నిచ్చెన పడ్తదా?"

"ఎంత పొడుగుంటది చెల్లె?"

కొలవాలి.