పొన్నూరు జట్టుకి నెల జీతం

పొదిలి, 2004 మార్చి, ఆదివారం

పొన్నూరు వెళ్ళి కబడ్డీ ఆట చూసి ఇప్పుడే వచ్చాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

కాలేజీలో నాతో కబడ్డీ ఆడిన సుబ్బారావు అక్కడి రైసు మిల్లుల వాళ్ళను పట్టుకుని జట్టు పెట్టాడు. ఆటగాళ్ళకు నెలనెలా జీతం. నేను నడిపే మా పొదిలి జట్టులో ఉన్న ఒక్క మంచి ఆటగాణ్ణి, శ్రీనుని, పోయిన నెలే తీసుకుపోయాడు. నేనేమో మా కుర్రాళ్ళకు కంది పంట చేతికొచ్చాక ఇస్తానంటూ వచ్చాను. మా ఊళ్ళో కమ్మరికీ, వడ్రంగికీ అలాగే ఇస్తాం మరి. ఆటగాడికి వేరే ఎందుకనుకున్నాను...

ఈ రోజు సుబ్బారావు అందరి ముందూ నా భుజం మీద చెయ్యేసి అన్నాడు:

"ఒరేయ్, మీ ఊళ్ళో వానే నెలనెలా పడదు. జీతాలెట్టా ఇస్తావురా?"

నవ్వాను. చెయ్యి తప్పించుకుని గ్యాలరీ వైపు తిరిగాను.

మా ఊరు చిన్నది, జట్టును పోషించేంత జనం రారని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. ఇవాళ గ్యాలరీ నిండా లారీ మాట్లాడుకుని వచ్చిన మా పొదిలి వాళ్ళే! మా గ్రౌండులో ఊరికే చూడమన్నా రానివాళ్ళు, టికెట్టు కొనుక్కుని మరీ శ్రీను పేరు పెట్టి అరిచారు.

వాళ్ళను తిట్టుకుందామంటే, నా గొంతే బొంగురుపోయి ఉంది.